డప్పు కంట్రోలర్ డైరీ: కొట్టుడు ఉంది, పట్టుకునుడు లేదు

జూలై 6

పని ఇది: గేములు ఆడేటందుకు డప్పును కంప్యూటర్‌కు కీబోర్డ్‌గా కలపాలె. సిర్ర (కుడి చేతి లావు కర్ర) దెబ్బ పడితే ఒక కీ, సిటికెన పుల్ల (ఎడమ చేతి సన్న కర్ర) దెబ్బ పడితే ఇంకో కీ. అవతల ఉన్నది డప్పని గేమ్‌కు తెల్వది, ఎవరో కూసొని కీలు నొక్కుతున్నరనుకుంటది. అందుకే డ్రైవర్ల గొడవ ఉండదు, ఏ గేమ్‌కైనా పెట్టి చూడొచ్చు.

వింత కంట్రోలర్‌తో ఆట బాగుపడతదా పాడైతదా అని అడిగేటోళ్లు ఎప్పుడూ ఒక గేమ్ పట్టుకొనే మాట్లాడుతరు. ఇక్కడ కంట్రోలర్ ఒక్కటే, గేములు మారుతయి. తాళం గేమ్ ఒకటి, దుంకే గేమ్ ఒకటి, కారు గేమ్ ఒకటి. ఏది ఎక్కడ చెడిందో రాసుకుంట పోవుడే ఈ డైరీ.

డప్పు 16 అంగుళాలది. మేక తోలు, చెక్క చట్రం. చట్రం ఒక దిక్కు సన్నగ పగిలింది కాబట్టి ఎవరూ వాయించుతలేరు, అందుకే ఎంచుకున్నం. వాయించే డప్పు తెచ్చి మేకులు కొట్టుడు, రంధ్రాలు చేసుడు వద్దే వద్దు. ఒక్క స్క్రూ కూడా వాడొద్దని ముందే అనుకున్నం.

జూలై 9: సామాను

బోర్డు (దెబ్బను చదివి కంప్యూటర్‌కు కీ పంపేది): ప్రో మైక్రో, ఏటీమెగా32యు4 చిప్పుది, 5 వోల్టులు, 16 మెగాహెర్ట్జ్. ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు పనికిరాదు. దాని మెయిన్ చిప్పుకు యూఎస్‌బీ లేదు, నేరుగా కీబోర్డ్‌గా కనబడదు. ప్రో మైక్రోలోనే 3.3 వోల్టుల రకం కూడా దొరుకుతది, చూడబోతే రెండూ ఒక్కతీరే ఉంటయి. క్రిస్టల్ మీద 16 అని ఉందో 8 అని ఉందో చూసి తీసుకోవాలె.

పైజో బిళ్లలు (దెబ్బ తగిలితే వోల్టేజీ పుట్టించేవి): 35 మిల్లీమీటర్లవి 2, 27 మిల్లీమీటర్లవి 2 (రెండు పగులుతయని లెక్క). దుకాణంలో పైజో అంటే అర్థం కాకపోతే "బజర్‌లో ఉండే ఇత్తడి బిళ్ల" అంటే తీసిస్తరు.

ఒక్కో పైజోకు 1 మెగా ఓం రెసిస్టర్ ఒకటి, 10 కిలో ఓం ఒకటి, 5.1 వోల్టుల జీనర్ డయోడ్ ఒకటి. ఇవి కాక మైకులకు వాడే షీల్డ్ కేబుల్ 2 మీటర్లు, 3.5 మిల్లీమీటర్ల జాకులు 3, వెల్‌క్రో పట్టీ, ఒక పాత హవాయి చెప్పు, ఒక వెదురు బద్ద. రెసిస్టర్లు, జీనర్లు, కేబుల్ హనుమకొండ చౌరస్తా దిక్కు ఆంప్లిఫయర్లు రిపేర్ చేసే దగ్గర దొరికినయి. బోర్డు కోసం అయితే ఆన్‌లైనో, హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీనో చూడాలె.

యూఎస్‌బీ కేబుల్ గురించి ఒక మాట. ఫోన్ చార్జింగ్‌కు ఇచ్చే చవక కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు. బోర్డు మీద లైటు వెలుగుతది, కంప్యూటర్‌లో ఏం కనబడదు. బోర్డు పోయిందని పక్కన పడేసేముందు కేబుల్ మార్చి చూడండి.

జూలై 12: సోల్డరింగ్

పైజోకు ఇత్తడి అంచు గ్రౌండ్, నడుమ తెల్ల పింగాణీ సిగ్నల్. ఇత్తడి మీద సోల్డర్ తొందరగనే పడతది. తెల్లదాని మీద ఉఫ్ అన్నంత సేపట్ల పని కావాలె. ఐరన్ మొన మీద ముందే కొంచెం సోల్డర్ తీసుకొని, వైరుకు కూడా ముందే పూసి, 2 సెకన్లలో అంటించి తియ్యాలె. ఎక్కువసేపు పెడితే మీది వెండి పూత లేచిపోతది, ఇగ ఆ బిళ్ల మీద సోల్డర్ నిలువదు. మొదటి బిళ్ల ఇట్లనే పోయింది.

సర్క్యూట్ చిన్నదే. పైజో రెండు కాళ్ల నడుమ 1 మెగా ఓం, పైజో సిగ్నల్ నుంచి 10 కిలో ఓం దాటి బోర్డు ఏ0 పిన్నుకు, ఆ పిన్ను నుంచి గ్రౌండ్‌కు జీనర్ (గీత ఉన్న దిక్కు పిన్నుకు). గట్టి దెబ్బకు పైజో నుంచి పదుల వోల్టులు వస్తయి. జీనర్ దాన్ని 5 దగ్గర ఆపుతది, 10 కిలో ఓం కరెంటును అదుపులో పెడతది. 1 మెగా ఓం లేకుంటె పైజోలో చార్జి పేరుకుపోయి రీడింగ్ దిగదు. రెండో పైజోకు కూడా ఇదే, ఏ1కు.

జూలై 13: రెండు బిళ్లలు తోలు మీద, పని చెయ్యలేదు

తోలు లోపలి దిక్కు నడుమ ఒకటి, పై అంచు దగ్గర ఒకటి గ్లూ గన్‌తో అంటించినం. సిర్ర నడుమ పడుతది, సిటికెన పుల్ల పైన పడుతది కదా, ఎవరి బిళ్ల వాళ్లకు పలుకుతదనుకున్నం.

పలకలేదు. తోలు ఒక్కటే, ఎక్కడ కొట్టినా మొత్తం ఊగుతది. నడుమ కొడితే నడుమ బిళ్ల 900 చూపెట్టింది, పై బిళ్ల 600 చూపెట్టింది (లెక్క 0 నుంచి 1023 దాకా). దెబ్బ నాలుగు వేళ్లంత పక్కకు జరిగితే రెండూ తారుమారు. ఏది పెద్దదైతే అది అనే సూత్రం పనికిరాదు.

ఇంకో తలనొప్పి. మూడో జాక్ ఖాళీగ ఉంది, దానికి ఏం కలపలేదు. అయినా ఏ2 మీద దెబ్బలు కనబడుతున్నయి. ఇది తోలు తప్పు కాదు, కరెంటు తప్పు. చిప్పులో ఏడీసీ (వోల్టేజీని అంకెగ మార్చే భాగం) ఒక్కటే, అన్ని పిన్నులను వంతులవారీగ చదువుతది. ఏ1 చదివినప్పుడు లోపలి కెపాసిటర్‌లో మిగిలిన వోల్టేజీ, ఖాళీ పిన్ను 1 మెగా ఓం గుండా దిగేలోపే ఏ2 చదువుడు అయిపోతది. పైజో తగిలించి ఉంటే దాని సొంత కెపాసిటన్స్ ఈ మిగులును మింగుతది. తేల్చుకునుడు సులువు: పైజోను డప్పు నుంచి తీసి చేతిలో పట్టుకున్నా పక్క పిన్నులో సిగ్నల్ వస్తే అది కరెంటుది, పోతే తోలుది. మందు: ప్లగ్గు తీస్తే పిన్నును గ్రౌండ్‌కు కలిపే స్విచ్ జాక్ వాడుడు.

జూలై 20: ముసురు

వారం నుంచి ముసురు. తోలు నెమ్మెక్కి వదులైంది. పోయిన వారం 900 చూపెట్టిన దెబ్బ ఇయ్యాల 400 దాటుతలేదు. డప్పు కాపుడు తప్పదు. కాగితాలు, గడ్డి మంట పెట్టి కాపితే తోలు బిగిసింది, గ్లూ కరిగింది. బిళ్ల జారి మంట పక్కన పడ్డది. గ్లూ గన్ జిగురు వేడికి మెత్తబడేదే, మంట ముందట పెడితే ఇంకేమైతది.

దీంతో అమరిక మొత్తం మారింది. కాపేటప్పుడు చేతితో లాగి తీసేటట్టు ఉండాలె, తోలుకు ఏదీ అంటొద్దు.

ఇప్పుడున్న అమరిక: చట్రం లోపలి అడ్డ కొలత కన్నా 3 మిల్లీమీటర్లు పొడుగున్న వెదురు బద్దను కొంచెం వంచి లోపల ఇరికించినం, వెదురు తన బిగువుకు తానే నిలబడతది. దాని నడుమ 35 మిల్లీమీటర్ల పైజో, పైజో మీద హవాయి చెప్పు అరికాలు కోసి చేసిన రబ్బరు కోను. కోను అడుగు పైజో అంత వెడల్పు, కొస 10 మిల్లీమీటర్లు. ఎత్తు ఎంతుండాలంటే, పైజోకూ తోలుకూ నడుమ ఉన్న సందు కన్నా 2 మిల్లీమీటర్లు ఎక్కువ. అప్పుడు కొస తోలును కొంచెం ఒత్తుకొని ఉంటది. 4 మిల్లీమీటర్లు ఎక్కువ చేస్తే డప్పు సప్పుడు సచ్చిపోతది. సమానంగ చేస్తే ముసురుకు తోలు వదులైనప్పుడు కోను తాకదు, దెబ్బలు తప్పిపోతయి.

రెండో పైజో (27 మిల్లీమీటర్లది) తోలు మీద కాదు, చెక్క చట్రం లోపలి ముఖానికి, వెల్‌క్రో మీద. ముందు సరిగ్గ పైన పెట్టినం. డప్పు భుజానికి వేసుకుంటే ఎడమ అరచెయ్యి ఆనేది అక్కడే. చెయ్యి కదిలినప్పుడల్లా కీ పడ్డది. దాన్ని గడియారంలో 2 గంటలు చూపే చోటికి జరిపితే ఆ బాధ పోయింది.

జూలై 27: కోడ్

ఇప్పుడు సూత్రం రెండు రీడింగుల నిష్పత్తి. సిర్ర నడుమ పడితే తోలు పైజో బాగ పలుకుతది, చట్రం పైజో తక్కువ. సిటికెన పుల్ల పై అంచు దగ్గర పడితే చట్రం వాటా పెరుగుతది. ఒక్కో కర్రతో 50 దెబ్బలు కొట్టి సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే రీడింగులు కంప్యూటర్‌లో కనబడే చోటు) అంకెలు చూస్తే, ఈ డప్పుకు "చట్రం రీడింగ్ మూడింతలు చేస్తే తోలు రీడింగ్‌ను దాటిందా?" అనే గీత సరిపోయింది. మూడు అనేది ఈ డప్పుకే. ఇంకో డప్పుకు చెక్క మందాన్ని బట్టి మారుతది.

దెబ్బ చదివే తీరు:

బోర్డు రెండు పిన్నులను చదువుకుంట తిరుగుతది. ఒక్కో రీడింగ్‌కు 0.11 మిల్లీ సెకన్లు, అంటే రెండింటికీ కలిపి పావు మిల్లీ సెకను కూడా కాదు. ఏదో ఒకటి థ్రెషోల్డ్ (దెబ్బగా లెక్కపెట్టే కనీస రీడింగ్) దాటగనే 3 మిల్లీ సెకన్ల కిటికీ తెరుస్తది. ఆ 3 మిల్లీ సెకన్లలో రెండింటి గరిష్ఠాలు పట్టుకుంటది. కిటికీ మూసినంక నిష్పత్తి చూసి ఏ కర్రో తేలుస్తది. మొదటి రీడింగ్ చూడగనే తేలిస్తే తొందర, కాని అప్పటికి తోలు ఇంకా లేస్తనే ఉంటది, కర్ర తప్పు తేలుతది. 3 మిల్లీ సెకన్లు పోగొట్టుకున్నా నయమే.

తేల్చినంక 25 మిల్లీ సెకన్లు ఏ దెబ్బనూ లెక్కలోకి తీసుకోదు. అటెన్క థ్రెషోల్డ్ పాత గరిష్ఠంలో 60 శాతం దగ్గర మొదలై, 60 మిల్లీ సెకన్లలో మామూలు స్థాయికి దిగుతది. డప్పు మోగుడు పొడుగు కాబట్టి ఇది తప్పదు. లేకుంటె ఒక్క దెబ్బకు మూడు కీలు పడతయి.

కీ ఎంతసేపు నొక్కి ఉంచాలె? మొదట 5 మిల్లీ సెకన్లు పెట్టినం. కొన్ని గేములకు సరిపోయింది, కొన్నింట్లో దెబ్బలు మాయమైనయి. సెకనుకు 60 ఫ్రేములంటే ఫ్రేముకు 16.7 మిల్లీ సెకన్లు. ఫ్రేముకు ఒక్కసారే కీబోర్డ్ దిక్కు చూసే గేమ్‌కు, రెండు చూపుల నడుమ నొక్కి వదిలిన కీ కనబడదు. 20 పెట్టినంక ఒక్కటి కూడా తప్పలేదు.

ఇక్కడ దాదాపు అందరూ పడే గుంత ఒకటుంది. 20 మిల్లీ సెకన్లు నొక్కి ఉంచాలని డిలే రాస్తరు. ఆ డిలే నడిచినంతసేపు బోర్డు చెవులు మూసుకుంటది, రెండో కర్ర దెబ్బ గాలికి పోతది. మిల్లిస్‌తో (ఎన్ని మిల్లీ సెకన్లు గడిచినయో చెప్పే ఫంక్షన్) టైము చూసుకొని వదలాలె.

ఇంకోటి: కోడ్‌లో తప్పుంటే బోర్డు ఆగకుండ కీలు కొడుతనే ఉంటది, సరిచేద్దామని ఫైలు తెరిస్తే దాంట్లనే టైపు చేస్తది. 3వ పిన్నుకు, గ్రౌండ్‌కు నడుమ ఒక చిన్న స్విచ్ పెట్టి, అది వేస్తేనే కీలు పోయేటట్టు మొదటి లైనులోనే రాసుకోవాలె.

ఆగస్టు 2

ఎవరూ కొట్టకున్నా కీలు పడుతున్నయి. లాప్‌టాప్ చార్జర్ తీస్తే ఆగినయి. పెట్టినం, మళ్ల మొదలు. ఎర్త్ సరిగ లేని ప్లగ్గు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు ఇంకా ఎక్కువ. కేబుల్ షీల్డ్‌ను గ్రౌండ్‌కు కలిపి, 1 మెగా ఓం తీసి 470 కిలో ఓం పెడితే తగ్గింది. సిగ్నల్ కొంత తగ్గుతది, డప్పు దెబ్బకు అదేం లెక్క కాదు.

ఆగస్టు 3: ఆలస్యం కొలుచుడు

ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, కర్ర, తెర రెండూ ఒకే ఫ్రేములో పడేటట్టు తీసినం. కర్ర తోలుకు తాకిన ఫ్రేము నుంచి తెర మారిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలె. ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీ సెకన్లు. టీవీ మామూలు మోడ్‌లో 14 ఫ్రేములు వచ్చినయి, అంటే దాదాపు 58 మిల్లీ సెకన్లు. టీవీలో గేమ్ మోడ్ వేస్తే 8 ఫ్రేములు, 33 మిల్లీ సెకన్లు. డప్పు వాటా దీంట్ల 4 మిల్లీ సెకన్ల చుట్టుపక్కలే. కంట్రోలర్ నెమ్మది అని తిట్టేముందు టీవీ సెట్టింగ్ చూడాలె.

ఆగస్టు 10: తాళం గేమ్

ఒసు! గేమ్, టైకో మోడ్. జపాన్ డ్రమ్ గేమ్ టైకో నో తత్సుజిన్ (నామ్కో, 2001) తీరుది ఇది. ఎర్ర బిళ్ల వస్తే నడుమ కొట్టాలె, నీలం వస్తే అంచు మీద కొట్టాలె. లోపలి కీలు ఎక్స్, సీ; బయటివి జెడ్, వీ. సిర్రకు ఎక్స్, సిటికెన పుల్లకు జెడ్ ఇచ్చినం. ఓవరాల్ డిఫికల్టీ (గేమ్ ఎంత కఠినమో చెప్పే అంకె) 5 ఉన్న పాటలో పూర్తి మార్కుకు దెబ్బ 35 మిల్లీ సెకన్లు అటో ఇటో లోపల పడాలె.

మొదటి అడ్డంకి చెవులకే తగిలింది. డప్పు మీద కర్ర పడగనే సప్పుడొస్తది, కొంచెం ఆగి స్పీకర్‌లో గేమ్ సప్పుడొస్తది. ప్రతి దెబ్బ రెండుసార్లు వినబడితే ఎవరికైనా చెయ్యి తడబడతది. గేమ్ దెబ్బ సప్పుడును సున్నా చేసి, పాట ఒక్కటే ఉంచినం. తర్వాత ఆఫ్‌సెట్ (పాటకూ దెబ్బకూ నడుమ టైము తేడా) సరిచేసినం. ఈ రెండు పనులకు ముందు, తర్వాత తేడా ఎంతంటే, అంతకుముందు రాసుకున్న స్కోర్లన్నీ కొట్టేసి మళ్ల మొదలు పెట్టినం.

అసలు సంగతి అటెన్క తేలింది. ఎరుపు, నీలం కలగలిసి వచ్చిన చోట డప్పు చేతులు చాలా సాఫీగ నడిచినయి. ఒక్క రంగే వరుసగ వచ్చిన చోట కూలినయి. లెక్క చూడండి: నిమిషానికి 120 తాళాలు, తాళానికి నాలుగు దెబ్బలంటే దెబ్బకూ దెబ్బకూ 125 మిల్లీ సెకన్లు. 160 తాళాలకు 94. రెండు చేతులు పంచుకుంటే ఇది ఆటే. కాని ఎర్ర బిళ్లలన్నీ సిర్రవే అయినప్పుడు ఒక్క చెయ్యే మొత్తం మొయ్యాలె. కీబోర్డ్ మీద కూడా ఒక్కో చేతికి ఒక్కో రంగు ఇచ్చి ఆడేటోళ్లున్నరు, వాళ్లకు ఆ చేతిలోనే రెండు వేళ్లుంటయి. సిర్రకు ఒక్కటే మొన.

డప్పును స్టూలు మీద పండబెట్టి చూసినం. మన గుర్తింపు కర్రను బట్టి కాదు, చోటును బట్టి కదా, ఏ కర్రతో నడుమ కొట్టినా ఎరుపే పడతది. వరుస దెబ్బలు వచ్చినయి, స్కోరు పెరిగింది. కాని భుజాన వేలాడే డప్పు మీద ఎడమ చెయ్యి అంచుకు ఆనుకొని ఉంటది, పుల్ల పైన మాత్రమే ఆడతది, ఆ ఒరుపుతోనే దరువు వస్తది. పండబెడితే అది పోయింది. జపాన్ డ్రమ్‌కు చవక నకలు తయారైంది, అంతే. గేమ్‌కు కంట్రోలర్ సరిపోయింది, కంట్రోలర్‌లో డప్పు లేకుండ పోయింది.

అందుకే తిరగేసినం: డప్పును కాదు, పాటను మార్చుడు. ఒసు!లో ఎడిటర్ ఉంది, ఎవరి చార్ట్ (ఏ బిళ్ల ఎప్పుడు రావాలో చెప్పే వరుస) వాళ్లు రాసుకోవచ్చు. ఒక దరువు రికార్డ్ చేసి, సిర్ర పడ్డ చోట ఎరుపు, పుల్ల పడ్డ చోట నీలం పెట్టి చార్ట్ చేసినం. వేగం ముందటి పాట అంతే. డప్పు పట్టినోళ్లు రెండో రౌండ్‌కే దాన్ని దాటేసిండ్రు. అదే చార్ట్ కీబోర్డ్ మీద ఆడినోళ్లకు మాత్రం ముక్కలు ముక్కలుగ, అర్థం లేని వరుసగ అనిపించింది. సిర్ర ఎందుకు ఆగిందో, పుల్ల నడుమ ఎందుకు దూరిందో వేళ్లకు తెల్వది.

చూడొచ్చిన డప్పు కళాకారుడు ఒక పిలగాని ఆట కాసేపు చూసి అన్నమాట: "బిడ్డా, నువ్వు తెర చూసి కొడుతున్నవ్. గది చూడకు, పాట ఇను." పిలగాడు తల తిప్పుకొని కొడితే బిళ్లలు తప్పలేదు. రంగులు చదివి కొట్టేటోళ్ల చేతులు ఎప్పుడూ కొంచెం ఆలస్యమే, గేమ్ రిజల్ట్‌లో ఉండే ముందు-వెనుక గీతల్లో అది కనబడతది.

ఆగస్టు 17: దుంకే గేమ్

క్రోమ్‌లో నెట్ లేనప్పుడు వచ్చే డైనోసార్. స్పేస్ కీ ఒక్కటి చాలు, దీనికి డప్పు కంటే మంచిది లేదనుకున్నం.

చిన్న ముళ్లపొద దాటింది. గుంపుగ ఉన్న పెద్ద పొద దగ్గర ప్రతిసారీ తగిలింది. దాంట్ల దుంకుడు ఎత్తు, కీ ఎంతసేపు నొక్కినమన్నదాన్ని బట్టి ఉంటది. తొందరగ వదిలితే చిన్న దుంకు. మన కీ 20 మిల్లీ సెకన్లే. దెబ్బకు నిడివి ఉండదు. వేలు కీ మీద ఆగుతది, కర్ర తోలు మీద ఆగదు, ఆగితే అది వాయించుడే కాదు. ఈ ప్రాజెక్టులో మంచికైనా చెడుకైనా అన్నీ ఇక్కడికే వచ్చి ఆగుతున్నయి: డప్పుకు కొట్టుడు తెలుసు, పట్టుకునుడు తెల్వదు.

అయితే డప్పుకు ఉన్నదొకటి కీబోర్డ్‌కు లేదు, దెబ్బ బలం. కిటికీలో పట్టుకున్న గరిష్ఠాన్ని నిడివిగా మార్చినం. 150 లోపు దెబ్బకు 40 మిల్లీ సెకన్లు, 800 పైన ఉంటే 250, నడుమ ఉన్నవాటికి అదే లెక్కన. సోయిపెట్టి మెల్లగ కొడితే చిన్న దుంకు, గట్టిగ కొడితే పెద్ద దుంకు. ఇది కుదిరింది. కొత్తోళ్లకు చెప్పాల్సిన పని కూడా లేదు, పొద పెద్దగ కనబడగనే చెయ్యి తనంత తానే గట్టిగ లేస్తది.

చిక్కు ఒకటి మిగిలింది. పొడుగు నిడివి నడుస్తుండగ రెండో దెబ్బ పడితే ఏం చెయ్యాలె? మొదట దాన్ని వదిలేసినం, గేమ్ మొద్దుబారినట్టు అనిపించింది. ఇప్పుడు పాత కీని వదిలి, 17 మిల్లీ సెకన్లు ఆగి, కొత్తగ నొక్కుతది. ఆ ఆగుడు లేకుంటె గేమ్ దాన్ని ఒకే పొడుగు నొక్కుడుగా చూస్తది.

ఆగస్టు 24: కారు గేమ్

సూపర్‌టక్స్‌కార్ట్, ఉచిత గేమ్. సిర్ర కొడితే కుడికి, పుల్ల కొడితే ఎడమకు, ఎక్సలరేటర్ ఎప్పుడూ నొక్కినట్టే. తిన్నని రోడ్డు మీద అటొక దెబ్బ ఇటొక దెబ్బ, నడిచింది. మలుపు రాగనే గోడకు. మలుపంతా సిర్రను ఆపకుండ కొడితే కారు గుంజుకుంట గుంజుకుంట తిరుగుతది. స్కిడ్ అయితే రానే రాదు, దానికి రెండు కీలు ఒకేసారి పట్టుకోవాలె. దెబ్బ నిడివి 150కి పెంచితే మలుపు తిరిగింది, తిన్నని రోడ్డు మీద అదుపు తప్పింది. 300 మరీ అధ్వానం. స్టీరింగ్ అంటే ఒక స్థితిని పట్టుకునుడు. 2008లో నింటెండో వీ కన్సోల్‌కు మారియో కార్ట్ వీ అనే కారు గేమ్‌తో వచ్చిన తెల్ల చక్రంలో ఎలక్ట్రానిక్స్ ఏం లేవు, రిమోట్‌ను ఇరికించే ప్లాస్టిక్ డొల్ల అది. అయినా పనికొచ్చింది ఎందుకంటే, చేతులు దాన్ని వంచి అట్లనే ఉంచగలవు.

డ్రమ్ముతో పరుగెత్తే గేమ్ లేదా అంటే ఉంది. నింటెండో 2004లో తెచ్చిన డాంకీ కాంగ్ జంగిల్ బీట్. గేమ్‌క్యూబ్ కన్సోల్‌కు రెండు బొంగోలు (చిన్న డ్రమ్ములు), చప్పట్లు వినే ఒక మైకు, అంతే సామాను. కుడి బొంగో కొడుతుంటే కోతి కుడికి ఉరుకుతది, రెండూ కలిపి కొడితే దుంకుతది. నొక్కి పట్టుకునుడు మీద కాక, దెబ్బల మీద ఆటంతా కట్టిండ్రు. తర్వాత వీ కన్సోల్‌కు అదే గేమ్‌ను బొంగోలు తీసేసి మామూలు కంట్రోలర్‌తో ఇచ్చిండ్రు. గేమ్ నడుస్తది, కాని దెబ్బకు దెబ్బకు ఉరికే సంబురం బొంగోలతోనే.

దాన్ని చూసి అమరిక మార్చినం. గత ఒక సెకనులో 3 దెబ్బల కన్నా ఎక్కువ పడితే ఎక్సలరేటర్ కీ నొక్కి ఉంటది, ఆగితే వదులుతది. స్టీరింగ్ కాళ్లకు: రెండు ప్లైవుడ్ ముక్కల కింద రెండు కాలింగ్ బెల్ స్విచ్‌లు, 5, 6 పిన్నులకు. కాలు నొక్కి పట్టుకోగలదు కదా. కాలింగ్ బెల్ స్విచ్ కింద సన్న స్ప్రింగు మొత్తం బరువుకు నలుగుతది కాబట్టి ప్లైవుడ్ మూలలకు చెప్పు రబ్బరు ముక్కలు పెట్టినం, 4 మిల్లీమీటర్లు దిగితే ఆగుతది.

నడిచింది. కీబోర్డ్ వాళ్లతో పోటీ పెడితే ప్రతిసారీ వెనుకనే. స్పీడ్ తగ్గించుకుంట మలుపు తీసుకునుడు కోసం దరువు ఆపాలె, మలుపు దాటినంక మళ్ల ఎత్తుకోవాలె, ఎత్తుకునేటప్పటికి ఒక సెకను పోతది. దెబ్బలు లెక్కపెట్టే ఆ ఒక సెకనును 600 మిల్లీ సెకన్లకు తగ్గిస్తే నయమైంది. గెలుపు కోసం ఆడేటోళ్లకు ఇది అడ్డమే, దాంట్ల దాపరికం లేదు. పది నిమిషాలకు కుడి భుజం గుంజుతది. రేసు రెండు ల్యాపులకే పెట్టుకోవాలె.

బటన్లు ఎక్కువైతే బాగుంటదా అని ఒకరు అడిగిండ్రు. స్టీల్ బెటాలియన్ (క్యాప్‌కామ్, 2002) కంట్రోలర్‌కు 40 దాకా బటన్లు, రెండు జాయ్‌స్టిక్‌లు, మూడు పెడళ్లు. అది అక్కడ అతికింది, ఎందుకంటే ఆ గేమ్‌లో ఆటే యంత్రాన్ని నడుపుడు. మన డప్పుకు పది బటన్లు తగిలిస్తే పది బటన్లతో ఆడుతరు, డప్పు దండిగ బరువైన అలంకారమైతది.

సెప్టెంబరు 7: ఇప్పటి స్థితి

తెగేది ఒక్క చోటనే: పైజో తెల్ల దిక్కు సోల్డర్. ఊగుడుకు వైరు అక్కడనే విరుగుతది. మూడుసార్లు విరిగింది. ఇప్పుడు సన్నని పోగుల వైరు వాడి, సోల్డర్ పక్కనే వైరును చిన్న చుట్టు చుట్టి బిళ్ల అంచుకు ఎపాక్సీతో పట్టిచ్చినం. ఎపాక్సీ తెల్లదాని నడుమకు పాకొద్దు, పాకితే బిళ్ల బిగుసుకొని సిగ్నల్ తగ్గుతది.

సిటికెన పుల్ల దెబ్బ నడుమ దిక్కు జారితే ఇప్పటికీ సిర్రగా లెక్కలోకి పోతది. వేగంగ వాయించేటప్పుడు ఇది ఎక్కువ. చట్రం మీద రెండో పైజోను 10 గంటల చోట పెట్టి, రెండింటిని కలిపి చూస్తే తగ్గుతదేమో చూడాలె. దానికి మూడో జాక్ ఖాళీగనే ఉంది. కాని దాన్ని ఒక పెద్ద బటన్ కోసం ఉంచాలని ఇంకో మాట నడుస్తుంది. ఒక్క చెయ్యి మాత్రమే ఆడేటోళ్లు సిర్రతో డప్పు, మోచేతితో బటన్ కొట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన అడాప్టివ్ కంట్రోలర్ వెనుక 3.5 మిల్లీమీటర్ల జాకులు 19 పెట్టింది ఇసొంటి వాళ్ల కోసమే. ఇంకా తేలలేదు.

థ్రెషోల్డ్ మాత్రం వాతావరణానికి వదిలేసినం. బోర్డుకు కరెంటు రాగనే 2 సెకన్లు చప్పుడు లేకుండ ఉంచితే మామూలు గలగల కొలుచుకుంటది, తర్వాత ఒక్కో కర్రతో 5 దెబ్బలు కొడితే మిగిలింది సరిచేసుకుంటది. అది కుదరనప్పుడు చేతితో పెట్టేటందుకు చట్రం లోపల చాక్‌పీసుతో రాసి ఉంది: కాపినంక 90, ముసురుకు 55.